సెగరేకు

రేకు అద్దంలా మెరుస్తూనే ఉంది. దాని కింద పనిచేసిన మనిషే మట్టిలో కలిసిపోయాడు.

శివలీల మెడ వెనక్కి వాల్చి చూసింది. షెడ్డు కప్పుకు ఆనుకుని ఓవర్‌హెడ్ క్రేను, దానికి పిట్టగూడులా వేలాడుతున్న క్యాబిన్, ఆ క్యాబిన్ అడుగున, ముందు వైపున బిగించిన అల్యూమినియం రేకులు. అవి ఆమె చేతుల మీదుగా వచ్చినవే. ఇంత ఎత్తులో ఉన్నా వాటిలో షెడ్డు కిటికీలు కూడా కనిపిస్తున్నాయి.

"చూసుకోమ్మా, నీ పని నువ్వే చూసుకో," అన్నాడు వసంతకుమార్. ఆ పోత ఇనుము ఫ్యాక్టరీకి అతనే మేనేజరు. రాజంపేట మనిషి. చదువుకున్నవాడు, గొంతు పెంచడు. "రేకుకు ఏమైనా అయిందా? నల్లబడిందా? వంగిందా? లేదు. యంత్రం బాగుంది, బ్రేకు బాగుంది, రేకు బాగుంది. ఇంక మిగిలింది ఎవరు?"

మిగిలింది శివలీల తమ్ముడు హనుమేష్. క్రేను నడిపేవాడు.

కరిగిన ఇనుము నింపిన బకెట్టును అచ్చుల వరస మీదికి తీసుకుపోతుండగా హనుమేష్ క్యాబిన్‌లో ముందుకు వాలిపోయాడు. లివరు మీద చెయ్యి అట్లాగే ఉండిపోయింది. బకెట్టు పోయి స్తంభానికి కొట్టుకుని ఇనుము కిందికి ఒలికింది. కింద అచ్చుల దగ్గరున్న అతని స్నేహితుడు ఏసేపు తల పైకెత్తే లోపలే అంతా అయిపోయింది.

"నిరుడు ఉగాదికి తాగి డ్యూటీకొచ్చి సస్పెండ్ అయినవాడు నీ తమ్ముడు," అన్నాడు వసంతకుమార్. "నేను కాదమ్మా చెప్తోంది, ఊరంతా చెప్తోంది. రేపు పొద్దున డిస్చార్జి చేస్తారు. ఎస్సై ఆసుపత్రికే వస్తాడు."

"రక్తం తీసి చూసినారు గద సార్. ఏం లేదన్నారు గద."

"ఎప్పుడు తీశారు? మరుసటి రోజు సాయంత్రం. అప్పటికి ఏముంటుంది?"

శివలీల మళ్ళీ పైకి చూసింది. రేకు మెరుస్తోంది. అది బాగున్నంతసేపూ తమ్ముడు తాగినవాడే. తాగినవాడైతే మనిషిని చంపినవాడు.

*

ఆ రేకు కావాలని అడిగింది కూడా హనుమేషే.

ఎండాకాలంలో ఆ క్యాబిన్‌లో కూర్చోవడమంటే పెనం మీద రొట్టెలా కాలడమే. పైన రేకుల కప్పు, కింద కరిగిన ఇనుము. అడుగున ఒకప్పుడు బిగించిన అట్ట పలక పెచ్చులూడి సగం రాలిపోయింది. ఒక పాత కూలరు మాత్రం గొణుక్కుంటూ తిరిగేది. హనుమేష్ పోరగా పోరగా వసంతకుమార్ ఒప్పుకున్నాడు. కల్లూరులో లోహాలకు మెరుగు పెట్టే బఫింగ్ షెడ్డు నడిపే అక్కాబావలకే ఆ పని ఇప్పించమని హనుమేషే అడిగాడు.

రోహిణి కార్తెలో వసంతకుమార్ మూడు ముక్కలు పట్టుకుని శివలీల షెడ్డుకు వచ్చాడు. ఒకటి జింకు పూత రేకు, ఒకటి స్టీలు, ఒకటి అల్యూమినియం. బొగ్గుల పొయ్యి రాజేయించి, ఒక్కో ముక్కనూ దాని ముందు నిలబెట్టి, వెనకాల ఆమె చెయ్యి పెట్టించాడు.

"సెగ కూడా వెలుగులాంటిదేనమ్మా. గాలి లేకపోయినా వస్తుంది. అద్దం వెలుగును ఎట్లా తిప్పికొడుతుందో, మెరుగు పెట్టిన లోహం సెగను అట్లా తిప్పికొడుతుంది. ఈ జింకు రేకు ఇప్పుడు బాగుంటుంది, ఏడాదికి బూడిద రంగు తిరిగి సెగ తాగడం మొదలుపెడుతుంది. స్టీలు గట్టిదే, కానీ ఎంత మెరిసినా అల్యూమినియం తిప్పికొట్టినంత తిప్పికొట్టదు. మనకు అల్యూమినియమే కావాలి. రెండు వైపులా మెరుగు. వెనక వైపు ఎందుకంటే, ఆ రేకు తాగిన కాస్త వేడినీ లోపలికి కక్కకూడదు. క్యాబిన్‌కు, రేకుకు మధ్య రెండు వేళ్ళ సందు ఉండాలి."

ఆ తర్వాత వేలెత్తి చెప్పాడు. "మీద ఏమీ పూయొద్దు. రంగు వద్దు, నూనె వద్దు. చెమట చేత్తో తాకొద్దు కూడా. ఒట్టి లోహం. అంతే."

ఆ మాటను శివలీల తన మొగుడు రంగనాథ్‌కు అక్షరం పొల్లు పోకుండా చెప్పింది. అతను బఫింగ్ చక్రం ముందు నుంచి తల తిప్పకుండానే "సరే సరే" అన్నాడు.

వాళ్ళిద్దరి చేతా ఎక్కువగా నడిచేది గుడి పని. ఇత్తడి తొడుగులు, మకరతోరణాలు, దీపస్తంభాలు. ఒకసారి వాళ్ళు మెరుగు పెట్టిచ్చిన మకరతోరణం ఒక్క వానాకాలానికే నల్లబడింది. గుడి పెద్దలు దాన్ని ఆటోలో వేసుకొచ్చి షెడ్డు ముందు దించారు. "ఏమప్పా రంగనాథూ, ఇది సామికి తోరణమా, దోసెల పెనమా?" అని నలుగురూ వినేలా అడిగారు. కల్లూరంతా నవ్వింది. రంగనాథ్ వారం రోజులు అన్నం సరిగా తినలేదు. అప్పటి నుంచి ఏ వస్తువూ తన మనసుకు నచ్చేదాకా గడప దాటనిచ్చేవాడు కాదు.

సెగరేకుకు కూడా అట్లాగే చేశారు. గరుకు ఎమెరీ కాగితంతో మొదలుపెట్టి, మెత్తటి ఎమెరీకి వచ్చి, నార చక్రం తర్వాత గుడ్డ చక్రం, చివర్లో మెరుగు సబ్బు. ఒక గీత కనిపించినా మళ్ళీ మొదటికి. ఆఖరి పలకలో శివలీల తన కంటి రెప్పలు లెక్కపెట్టుకోగలిగింది. ఇంతలో రాయచోటిలో ఆడబిడ్డకు ఆపరేషనని కబురొస్తే ఆమె బస్సెక్కింది. తిరిగొచ్చేసరికి రేకులు క్రేనెక్కేశాయి. వసంతకుమార్ ఫోను చేసి "బ్రహ్మాండంగా ఉందమ్మా" అన్నాడు.

*

కర్నూలు పెద్దాసుపత్రి వార్డులో హనుమేష్ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మంచం పక్కన కానిస్టేబుల్ ఫోన్‌లో ఏదో చూసుకుంటున్నాడు.

"రేయ్. ఇట్ల తిరుగు."

తిరిగాడు. పెదవులు పగిలిపోయి ఉన్నాయి. మనిషి సగమయ్యాడు.

"నా మొగం చూసి చెప్పు. తాగినావా?"

"లేదక్కా."

"ఉగాదికి గూడ ఇట్లనే లేదన్న్యావు."

"ఉగాదికి అబద్ధం చెప్పినా. ఇప్పుడు చెప్పడంలే." అతని గొంతు బొంగురుగా వచ్చింది. "ఏసేపు నా ఎదురుగా నిలబడి చెయ్యి ఊపినాడు, ఇట్ల, రారా రారా అని. ఆ తర్వాత కండ్లు బైర్లు కమ్మినాయి. చెమట గూడ ఆగిపోయింది, ఒళ్ళంతా పొయ్యిలో పెట్టినట్ల. అంతే. మళ్ళ కండ్లు తెరిస్తే ఈడ ఉండా."

"రేకు ఉండంగ అంత వేడి ఎట్లొస్తాది?"

హనుమేష్ దుప్పటి అంచు వేళ్ళతో నలుపుతున్నాడు.

"నిన్నేరా అడిగేది."

"మొదటి దినం నుంచే వేడక్కా. ఆ మేనేజరు చెప్పినట్ల సల్లగయ్యిందే లేదు. అట్ట ముక్కకన్నా ఓ రవ్వ మేలు, అంతే. దాని మీద, రేకు వచ్చింది గదా అని కూలరు పెరికేసినారు. ఇంక యాడుంటాది గాలి?"

శివలీల మంచం మీదికి వంగింది. "మరి చెప్పాల్సింది గదరా! నోట్లో ఏం పెట్టుకోనుంటివి?"

"ఏమని చెప్పల్ల? మా అక్క చేసిన రేకు పనికి రాదనా?" హనుమేష్ కళ్ళు మూసుకున్నాడు. "ఊరంతా చెప్పుకోని తిరిగినా, మా అక్క చేసింది, అద్దం మాదిరి ఉండాది అని. ఆ తోరణం నాడు బావను నవ్విన్యారు జూడు, మళ్ళ అట్ల నవ్వుతారని గమ్మునుండినా. ఎండలు తగ్గితే సరిపోతాదిలే అనుకుంటి."

కానిస్టేబుల్ తలెత్తి చూశాడు. శివలీల కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి నడిచింది.

మెరిసే రేకు మొదటి రోజు నుంచే సెగ ఆపలేదంటే, ఆ రేకులో ఏదో ఉంది. అది ఆ క్రేను మీదే ఉంది.

*

ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా ఉండేది పెద్ద ఈరన్న. ఆదోని దగ్గర ఆమె పుట్టినూరి మనిషే. మధ్యాహ్నం కూడు వేళకు లోపల ఎవరూ ఉండరని అతనే చెప్పాడు.

"తొందరగా పోయిరా పాపా. నన్నడిగితే నేను చూడలే అంటా. నాకు పొద్దున నుంచి కండ్లే కనపడ్డంలే."

"పొద్దున నుంచేనా చిన్నాయనా?"

"అవసరాన్ని బట్టి," అన్నాడు పెద్ద ఈరన్న, అటు తిరిగి బీడీ ముట్టించుకుంటూ.

షెడ్డులో కొలిమి చల్లారి ఉంది. స్తంభం మొదట్లో నేల మీద ఇనుము గడ్డకట్టి నల్లటి మడుగులా ఉంది. దాని చుట్టూ తాడు కట్టారు. శివలీల అటు చూడకుండా నిచ్చెన ఎక్కింది. చీర కుచ్చిళ్ళు నడుముకు దోపుకుంది. పైకి పోయేకొద్దీ కప్పు వేడి నెత్తిన దిగుతోంది. క్యాబిన్ పక్కన మనిషి నడిచేంత ఇరుకు పలక ఒకటి ఉంది. దాని మీద బోర్లా పడుకుని, తల కిందికి వంచి రేకును చూసింది.

దగ్గరి నుంచి చూస్తే రంగు తేడాగా ఉంది. అల్యూమినియం తెలుపు కాదు. చాలా పల్చగా, పాత తేనె రంగు తిరిగింది.

ఆమె చెయ్యి చాపి గోటితో గీకింది. లోహమైతే గోరు జారిపోవాలి. జారలేదు. ఉల్లిపొర లాంటిది లేచింది.

సరిగ్గా అప్పుడే క్రేను కదిలింది.

కింద ఎవరో కరెంటు పెట్టారు. ఇనుప చక్రాలు కీచుమన్నాయి, పలక ఒక్క ఊపు ఊగింది, శివలీల కాళ్ళు గాల్లోకి జారాయి. రెండు చేతులతో క్యాబిన్ చువ్వ పట్టుకుంది. నేల ఎక్కడో దూరంగా, ఆ నల్లటి మడుగు సరిగ్గా కింద. అరిస్తే దొరికిపోతుంది. అరవకపోతే పడిపోతుంది. పళ్ళు బిగబట్టి మోకాలిని పలక మీదికి తెచ్చుకుంది.

"ఎవురప్పా కరెంటు పెట్టింది? ఆపండి!" కింద నుంచి పెద్ద ఈరన్న కేక. "పోలీసోళ్ళు ఏమీ కదపొద్దన్నారు గదా! తెలివి ఉండాదా లేదా?"

క్రేను ఆగింది. ఎవరో గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. శివలీల చాలాసేపు కదల్లేదు. చెంప ఆ రేకుకు ఆనుకుని ఉంది. ముక్కుకు ఒక వాసన తగిలింది. మగ్గిన అరటిపండు వాసన, కాస్త మాడినట్టు. రోజూ పీల్చే వాసన. ఇంట్లో అన్నం తింటున్నా వదలని వాసన.

లక్కరు. ఇత్తడి నల్లబడకుండా గుడి సామాన్ల మీద పూసే పారదర్శకపు పూత.

ఫ్యాక్టరీవాళ్ళు పూశారేమో అన్న ఆశ ఒక్క క్షణమే నిలిచింది. రేకు కింది మూలన ఒక చుక్క గడ్డకట్టి ఉంది. కుంచెను చివర్లో మణికట్టు తిప్పి ఎత్తితే మిగిలే చుక్క. ఆ అలవాటున్న మనిషి ఒక్కడే. ఆ చుక్కను గురించి పెళ్ళయిన కొత్తలో "సామికి కన్నీటిబొట్టు పెట్టి పంపుతావేంది" అని ఆమే ఎగతాళి చేసేది.

ఆ రేకుల్లో పక్కకున్న చిన్న పలకకు రెండు మరలే. వెంట తెచ్చుకున్న స్క్రూడ్రైవరుతో వాటిని విప్పి, ఆ ముక్కను జాకెట్టు మీదుగా కొంగులో చుట్టుకుని దిగింది.

*

రంగనాథ్ దీపపు కుందికి మెరుగు పెడుతున్నాడు. ఆమెను చూసి చక్రం ఆపాడు.

"యాడికి పోయింటివి? అన్నం గూడ తినలే. హనుమేష్ ఎట్లుండాడు?"

శివలీల కొంగులోంచి పలక తీసి బల్ల మీద పెట్టింది. రేకు కత్తెరతో దాన్ని నడిమికి కత్తిరించింది. ఒక ముక్కను రెండు వైపులా లక్కరును కరిగించే థిన్నరు గుడ్డతో తుడిచింది. గుడ్డ పసుపుపచ్చగా మారింది. రెండో ముక్కను ముట్టుకోలేదు. రెండింటి వెనకా కొవ్వొత్తి మైనం ముద్ద ఒక్కొక్కటి అతికించింది. బొగ్గుల పొయ్యి ముందు రెండు ఇటుకలు నిలిపి, ముక్కల్ని వాటికి ఆనించింది.

"ఏంది ఇది?" అన్నాడు రంగనాథ్.

"చూడు."

పొయ్యి ఎర్రగా మండుతోంది. రెండు ముక్కలూ దాని ముందు ఒకేలా మెరుస్తున్నాయి. కొంచెం సేపటికి లక్కరు ముక్క వెనక మైనం అంచు తడిగా మారింది. తర్వాత జారింది. ముద్ద మొత్తం కిందికి దిగి ఇటుక మీద పడింది. తుడిచిన ముక్క వెనక మైనం అతికించినట్టే ఉంది.

రంగనాథ్ వంగి చూశాడు. ఒక ముక్క వెనక చెయ్యి పెట్టాడు, తీశాడు. రెండో ముక్క వెనక పెట్టాడు. చాలాసేపు అక్కడే ఉంచాడు.

"మీద ఏమీ పూయొద్దని చెప్పింటి గదయ్యా నీకు," అంది శివలీల. ఆమె గొంతులో కోపం కూడా మిగల్లేదు.

"రంగు వద్దన్న్యారు గదా అని రంగు వేయలే. లక్కరు రంగు గాదు గదే. కండ్లకే కనపడదు." అతను ముక్కాలిపీట మీద కూలబడ్డాడు. "ఆ పొగలో, ఆ మసిలో ఒట్టి లోహం ఎన్నాళ్ళు నిలుస్తాది? నల్లబడితే మళ్ళ అందరూ… హనుమేష్ కూచునే జాగా గదా అని మూడు పూతలు కొట్టినా శివలీలా. గుడికైతే రెండే కొడతా."

"కండ్లకు కనపడకున్నా అది సెగను తాగి లోపలికి కక్కింది," అంది శివలీల. బయట షేర్ ఆటోలు హారన్లు కొట్టుకుంటూ పోతున్నాయి.

"ఇది బయటపడితే?" అన్నాడు రంగనాథ్ చివరికి.

"నిన్ను తీస్కపోతారు."

"బయటపడకపోతే?"

"వాణ్ణి తీస్కపోతారు."

అతను లేచి రెండు ముక్కల్నీ చేతిలోకి తీసుకున్నాడు. పొయ్యి వైపు చూశాడు. ఎర్రటి బొగ్గులు, అందులో పడేస్తే కాసేపటికి ముద్దయిపోతుంది. శివలీల అడ్డం పోలేదు. చూస్తూ నిలబడింది. రంగనాథ్ ముక్కల్ని గుడ్డలో చుట్టి ఆమె చేతికిచ్చాడు.

"వానికి చెప్పు. వాడేమంటే అది."

*

మరుసటి పొద్దున ఎస్సై రాకముందే శివలీల తమ్ముడి చెవిలో అంతా చెప్పింది. హనుమేష్ వింటున్నంతసేపూ కిటికీలోంచి బయటికి చూశాడు. అక్కడ సైకిల్ స్టాండు దగ్గర రంగనాథ్ నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదు.

"మూడు పూతలా?" అన్నాడు హనుమేష్.

"ఊఁ."

అతను నవ్వబోయాడు. పగిలిన పెదవి మీద రక్తం ఊరింది.

ఎస్సై వచ్చాడు. వెనకే వసంతకుమార్. వాళ్ళ వెనక తెల్ల చీరలో విశ్వాసమ్మ, ఏసేపు భార్య. ఏదో కాగితం మీద వేలిముద్ర కోసం ఆమెను పిలిపించారు. ఆమె మంచానికి దూరంగా గోడకు ఆనుకుని నిలబడింది.

"చెప్పరా. ఆ రోజు తాగావా, లేదా?" అన్నాడు ఎస్సై.

"తాగినా సార్," అన్నాడు హనుమేష్.

శివలీలకు ఒక్క క్షణం అర్థం కాలేదు. ఎస్సైకి కూడా అర్థమైనట్టు లేదు. పెన్ను చేతిలోనే ఆగింది.

"పొద్దున్నే తాగి ఎక్కినా. నిద్ర పట్టింది. నాదే తప్పు. రాసుకోండి."

వార్డులో అందరూ తలలు తిప్పారు. విశ్వాసమ్మ గోడ దగ్గర నుంచి కదిలింది. మంచం దాకా వచ్చి నిలబడింది.

"ఆ దినం ఆయన నా సేతి సంగటి సగం నీకని డబ్బాలో యేసుకోని పోయినాడు," అంది. "మా హనుమేషుకు ఈ మధ్య ఆకలి సచ్చిపోయిందే, వానికి గూడ పెట్టు అన్న్యాడు. ఆ సంగటి తిని తాగితివా? తాగి మీద కూచుంటివా?"

హనుమేష్ తల దించుకున్నాడు. ఒప్పుకున్నవాడు దించుకున్నట్టే దించుకున్నాడు.

ఇంకొక నిమిషం గమ్మునుంటే అయిపోతుంది. ఎస్సై రాసుకుంటాడు, రంగనాథ్ ఇంటికి వస్తాడు, చక్రం తిరుగుతుంది. ఏసేపు మాత్రం స్నేహితుని తాగుడుకు చచ్చిపోయినవాడై ఆ సమాధిలో ఉండిపోతాడు. విశ్వాసమ్మ బతికినన్నాళ్ళూ ఆ సంగటిని తలుచుకుంటూనే ఉంటుంది.

"అబద్ధం సార్," అంది శివలీల.

"అక్కా, నువ్వు గమ్మునుండు!"

"నువ్వు గమ్మునుండి గదరా ఈడిదాకా వచ్చింది." ఆమె సంచిలోంచి గుడ్డ మూట తీసింది. "సార్, ఒక్కసారి బయటికి రాండి. టీ అంగడి దాకా."

వసంతకుమార్ ముందుగా చెయ్యి చాపి ఒక ముక్క తీసుకున్నాడు. వెలుతురుకు పెట్టి చూశాడు. గోటితో గీకాడు. పొర లేచింది.

"నేను చెప్పాను గదమ్మా," అన్నాడు చాలా మెల్లగా. తర్వాత ఇంకా మెల్లగా, "నేనే బిగించే రోజు కింద నిలబడి చూశాను. మెరుస్తోంది గదా అని సంతకం పెట్టాను. కూలరు తీసెయ్యమన్నది కూడా నేనే."

ఆసుపత్రి గేటు పక్కన టీ అంగడిలో బొగ్గుల పొయ్యి భగభగమంటోంది. అంగడివాడు పాలగిన్నె దించి పక్కకు జరిగాడు. శివలీల రెండు ముక్కల్నీ ఇటుకలకు ఆనించింది. మైనం ముద్ద చేతిలోకి తీసుకుంది. వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి మైనం అందుకుంది. రంగనాథ్.

"లక్కరు నాది సార్," అన్నాడు ఎస్సైతో, మైనాన్ని వెనక సరిగా అదుముతూ. "శివలీల వద్దని చెప్పింది. నేనే పూసినా. వాడు తాగలే."

అందరూ ఆ పొయ్యి ముందు నిలబడి చూశారు. పైన వార్డు కిటికీ ఊచలు పట్టుకుని హనుమేష్ కూడా చూస్తున్నాడు. పొయ్యి వెలుగు రెండు ముక్కల్లోనూ ఒకేలా ఆడింది. మైనం ముద్ద ఒకటి మెత్తబడింది, జారింది, తప్‌మని పడింది. రెండోది అక్కడే ఉంది.

ఎస్సై గట్టిగా ఊపిరి వదిలాడు. "పద. బండెక్కు," అన్నాడు రంగనాథ్‌తో. రంగనాథ్ చేతులు లుంగీకి తుడుచుకుని, శివలీల వైపు ఒకసారి చూసి, జీపు వైపు నడిచాడు. "నువ్వు కూడా స్టేషన్‌కు రావయ్యా మేనేజరూ," అని ఎస్సై అంటున్నాడు. వసంతకుమార్ తలూపాడు.

విశ్వాసమ్మ కదల్లేదు. వంగి, తుడిచిన ముక్కను కొంగుతో పట్టుకుని ఎత్తింది. వెనకకు తిప్పి మైనాన్ని వేలితో తడిమింది. గట్టిగానే ఉంది.

"ఇట్ల ఉండింటే," అంది, "ఏసేపు ఇంటికొచ్చేవాడా?"

శివలీల తలూపింది.

విశ్వాసమ్మ ఆ ముక్కను చాలాసేపు చూసింది. అందులో తన ముఖం కనిపించి ఉంటుంది. దాన్ని తిరిగి ఇవ్వలేదు. కొంగులో చుట్టుకుని, ఎండలో బస్టాపు వైపు వెళ్ళిపోయింది.